సెన్సే పారేసిన కాగితాలు

పోయిన నెల మా పోస్టుమాన్ ఒక పల్చటి కవరు తెచ్చి, "అమ్మగారూ, మీకు జపాన్‌లో కూడా చుట్టాలున్నారేంటండీ?" అని అడిగాడు. లేరు నాయనా అన్నాను. కవర్లో ఒకే కాగితం, ఇంగ్లీషులో ఐదారు వాక్యాలు. మా పెదనాన్నగారు నిద్రలోనే వెళ్ళిపోయారు, ఆయన చిరునామాల పుస్తకంలో మీ పేరు ఉంది కాబట్టి తెలియజేస్తున్నాను అని ఆయన తమ్ముడి కూతురు రాసింది. చదివి, మడిచి, అల్మారాలో పెట్టి, పప్పుకి పోపు పెట్టుకున్నాను. కంచం ముందు కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు. ఆ ఏడుపు కూడా, నిజం చెప్పాలంటే, ఆయన కోసం కాదు, నా కోసం. నేను చేసిన తప్పును తన నెత్తిన వేసుకున్న మనిషి ఆయన. అది ఆయన తప్పు కాదు, నాది అని నేను చెప్పుకోవాల్సిన మనిషి ఇంకొకడు తెలంగాణలో ఒక ఊళ్ళో ఉన్నాడు. ముప్పై ఏళ్ళపాటు రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ కథలు రాసుకుంటూ కూర్చున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. నేను సెన్సే అనేదాన్ని, జపాన్ వాళ్ళ భాషలో గురువుగారూ అన్నట్టు. ఒమన్‌లో అల్ సువైక్ దగ్గర సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటు ఒకటి కడుతుండేవారు అప్పట్లో. కంపెనీ జపాన్ వాళ్ళది, కూలీలు మనవాళ్ళూ, పాకిస్తాన్ వాళ్ళూ, బంగ్లా వాళ్ళూ. ఆ కూలీల క్యాంపుకి డాక్టరు సెన్సే, ఆయన ఇంట్లో పనిమనిషిని నేను. జ్వరాలకీ విరేచనాలకీ ఎండదెబ్బలకీ మందులిచ్చేవారు గానీ ఆయన అసలు చదువు మనసు జబ్బులకి సంబంధించింది. తమ దేశంలో పాతికేళ్ళు పిచ్చాసుపత్రిలో పనిచేశారట. అంతకన్నా పెద్ద సంగతి, ఆయన నవలలు రాసేవారు. సైటులో పనిచేసే జపాన్ ఇంజనీర్లు సెలవు మీద వెళ్ళి వస్తూ ఆయన పుస్తకాలు కొనుక్కొచ్చి, మా ఇంటికొచ్చి, నడుము వంచి దణ్ణం పెట్టి సంతకాలు పెట్టించుకుని పోయేవారు. అంత పేరున్న మనిషి, భార్య పోయాక, ఎవరూ తెలియని ఈ ఉప్పుగాలి ఊరికి ఎందుకొచ్చి పడ్డాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు. నేనెందుకొచ్చానో మాత్రం మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. మాది కోనసీమ. మొగుడు ఇంకోదాన్ని చూసుకున్నాడు. ఇంటర్ పాసైన ఆడదానికి అప్పుడు ఊళ్ళో దొరికేది జాలి ఒక్కటే. జాలి తిని బతకలేక ఇంటిపని వీసా మీద విమానం ఎక్కాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు.

ఇల్లు ఖర్జూరం తోటల చివర ఉండేది. తెల్ల గోడలు, నీలం తలుపు, ఎప్పుడూ గుర్రుమంటూ ఉండే ఏసీ. పొద్దున్న ఆరింటికల్లా అన్నం వండాలి. అవును, పొద్దున్నే అన్నమే. జిగురుగా ముద్దకట్టే బియ్యం, పులిసిన సోయా ముద్ద కలిపిన చారు, కాల్చిన చేప ముక్క ఒకటి. మొదటి పిడికెడు అన్నం చిన్న గిన్నెలో పెట్టి భార్య ఫోటో ముందు ఉంచి గానీ తను తినేవారు కాదు. చాయ్ కప్పు తనే కడుక్కునేవారు, నేను లాక్కోబోతే పిల్లాడిలా వెనక దాచేసేవారు. మొదటి నెల ఆ సోయా వాసనకి ముక్కు మూసుకుని వడ్డించేదాన్ని. మూడో నెలకి నేనే ఆ చారులో ఎండుమిర్చి నలుపుకుని తాగడం మొదలుపెట్టాను. ఆయన చూసి తన గిన్నె నా వైపు జరిపారు, మిరపకాయ వేయమని. తాగి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ తాగారు. ఆ ఇంట్లో మేమిద్దరం కలిసి నవ్విన రోజు అదొక్కటే గుర్తుంది. మిగతా రోజుల్లో ఇద్దరు మనుషులు రెండు గదుల్లో ఉండేవాళ్ళం. ఆయనకి నా భాష రాదు, నాకు ఆయనది రాదు, మధ్యలో ఉన్న ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతమాత్రం. ఉప్పు, చేపలు, ఇస్త్రీ, రేపు, శుక్రవారం. ఈ మాటలతో వారాలు గడిచిపోయేవి. సాయంత్రం గాలి తిరిగితే పక్క ఇళ్ళలోంచి సాంబ్రాణి పొగ వచ్చేది. ఆ వాసనకి మా అమ్మ తలంటి జుట్టుకి పొగ వేసిన రోజులు గుర్తొచ్చి పెరటి మెట్టు మీద కూర్చుని ఏడ్చేదాన్ని. చూసేవాళ్ళు లేరు కాబట్టి హాయిగా ఏడవచ్చు, అదొక్కటే సుఖం. సెన్సేకి తెలిసేదో ఏమో, మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో కంపెనీ ఆఫీసుకి వెళ్ళినప్పుడల్లా అక్కడి తెలుగు గుమాస్తానెవరినో అడిగి పాత వారపత్రికలు తెచ్చిపెట్టేవారు. ప్రతిసారీ తలకిందులుగా పట్టుకుని ఇచ్చేవారు. ఏది పైనో ఆయనకి తెలియదు పాపం.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆ దేశంలో కుక్క కూడా బయట తిరగదు. కొట్లు మూసేస్తారు, రోడ్డు మీద ఎండ ఒక్కటే ఉంటుంది. ఆ వేళలో సెన్సే రాసేవారు. గళ్ళు గీసిన కాగితం, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, పై నుంచి కిందికి, పెన్సిల్‌తో. రాస్తున్నంతసేపూ జపం చేసుకుంటున్నట్టు పెదవులు కదిలేవి. ఆయన పద్ధతి మాత్రం నేను ఇంకెక్కడా వినలేదు. క్యాంపులో రోగి చెప్పింది ముందు ఉన్నదున్నట్టు, ఒక్క ముక్క వదలకుండా రాసేవారు. రాశాక ఉండచుట్టి బుట్టలో పడేసేవారు. పది పదిహేను రోజులు ఆగి, అప్పుడు నవలకని వేరే కాగితాలు తీసేవారు. ఒకసారి చాయ్ పెడుతూ, పారేసేదానికి అంత కష్టపడి రాయడం ఎందుకండీ అని అడిగేశాను. నా నోరు ఊరుకోదు.

ఆయన పెన్సిల్ కిందపెట్టి, మాటలు ఒక్కొక్కటే వెతుక్కుని చెప్పారు. "జపాన్‌లో ఒక పేషెంట్. నా పుస్తకం కొన్నాడు. అందులో తను ఉన్నాడు. పేరు మార్చాను, ఊరు మార్చాను. అయినా కనుక్కున్నాడు. మళ్ళీ నా దగ్గరికి రాలేదు." పెన్సిల్‌ని కాగితం పక్కకి జరిపి, "ఇంకే డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు" అన్నారు. అందుకని ఇప్పుడు అంతా రాసేసి, పారేసి, మర్చిపోయాక ఏం మిగిలితే అదే నవలట. మనిషి ఆనవాలు పోవాలి, బాధ ఒక్కటే మిగలాలి. బుట్టలోవి పెరట్లో డ్రమ్ములో వేసి కాల్చెయ్యమని నేను పనిలో చేరిన రోజే చెప్పారు. అలాగే అన్నాను. రోజూ సాయంత్రం "కాల్చావా?" అని అడిగేవారు. "కాల్చానండీ" అనేదాన్ని.

ఒక్క కాగితం కూడా కాల్చలేదు. మా నాన్న అమలాపురంలో ఒక ప్రెస్సులో కంపోజిటర్, అచ్చుకి అక్షరాలు పేర్చేవాడు. సీసం అక్షరం ఒకటి చేయిజారి కింద పడితే, తీసి కళ్ళకద్దుకుని గానీ అరలో పెట్టేవాడు కాదు. చిన్నప్పుడు నేను అచ్చుకాగితం మీద కాలేశానని వీపు మీద ఒక్కటిచ్చి, ఆ కాగితానికి దణ్ణం పెట్టించాడు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, ఒక మనిషి చేత్తో రాసిన అక్షరాలకి అగ్గిపుల్ల గీసి పెట్టమంటే నా వల్ల అయ్యే పనేనా? ఏ భాషైతే ఏం, సరస్వతే కదా. ఉండలన్నీ నా గదికి తీసుకెళ్ళి విప్పి, ఇస్త్రీపెట్టె సన్నటి వేడి మీద పెట్టి ముడతలు తీసి, ఖాళీ బియ్యం సంచీలో దొంతర పెట్టి మంచం కింద దాచేదాన్ని. పక్కింట్లో పనిచేసే కడప రమణమ్మక్క ఒకసారి చూసి, "ఏమే, మొగుని చొక్కాలకు మాదిరి కాయితాలకు ఇస్త్రీ చేస్తాండావే! నీకేమన్నా పిచ్చి పట్టిందా, పోయి ఆ డాక్టరుకే చూపించుకోపో" అని పగలబడి నవ్వింది. నవ్వితే నవ్వింది. పొద్దుపోని మధ్యాహ్నాల్లో ఆ కాగితాలు పరుచుకుని, గళ్ళను వేలితో తడుముతూ కూర్చుంటే పక్కన ఎవరో ఉన్నట్టుండేది. వాటిని చూసి చూసే నేనూ ఒక నోటుబుక్కు కొనుక్కుని ఏదో రాయడం మొదలుపెట్టాను. నాకు గురువంటూ ఉంటే, ఒక్క ముక్క కూడా నేను చదవలేని ఆ మనిషే.

నర్సయ్య వచ్చింది ఆ తర్వాతి ఎండాకాలం. నర్సయ్య అసలు పేరు కాదు. ఆర్మూరు వైపు మనిషి, ముప్పై దాటి ఉంటాయి. గోడలు కట్టేవాళ్ళు ఎక్కి నిలబడటానికి పైపులూ చెక్క పలకలూ కట్టడం అతని పని. అతని ఊరివాడే, రూమ్‌లో పక్క మంచం వాడే రాజన్న, ఒక రోజు ఆ పలకల మీద నుంచి పడి చచ్చిపోయాడు. శవం ఊరికి పోయింది. రాజన్నే చూసుకోకుండా అడుగేశాడని కంపెనీ కాగితాల్లో రాసుకున్నారు. ఆ రోజు నుంచి నర్సయ్య మాట మానేశాడు. డ్యూటీకి పోతాడు, వస్తాడు, గోడకేసి తిరిగి పడుకుంటాడు. తిండి లేదు. రూమ్ వాళ్ళు భయపడి సెన్సే దగ్గరికి తీసుకొచ్చారు. క్లినిక్ కాంపౌండరు హిందీలో అడిగితే పలకలేదు. అందుకని సెన్సే నన్ను క్లినిక్‌కి తీసుకెళ్ళారు, తెలుగులో అడగమని. మొదటి వారమంతా నేను మాట్లాడటం, అతను నేల చూడటం. నాకు విసుగొచ్చేది. సెన్సే మాత్రం తొందరపడలేదు. కుర్చీ అతని పక్కకి జరుపుకుని, అతను చూసే నేలనే తానూ చూస్తూ కూర్చునేవారు. డాక్టరన్నవాడు అలా ఊరికే కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

మూడో వారంలో నోరు విప్పాడు. "చెల్లె, గీయనకు జెప్తే ఎవ్వనికి జెప్పడు గదా?" అన్నాడు. నేను సెన్సేకి చెప్పాను. ఆయన లేచి నిలబడి, నడుము దాకా వంగి, ఎవరికీ చెప్పనని మాటిచ్చారు. అంత పెద్దాయన తన ముందు వంగేసరికి నర్సయ్య బిత్తరపోయాడు. అప్పుడు చెప్పాడు. రాజన్న పోయిన పొద్దున ఊరి నుంచి క్యాసెట్ వచ్చిందట. రాయడం రాని ఇళ్ళల్లో అప్పుడు మాటలు క్యాసెట్‌లో పట్టి పంపుకునేవారు. అందులో తన బిడ్డ బాపూ అని పిలిచిందని తెలిసి, అన్నం టైముకి రూమ్‌కి పోయి విందామన్న ఆత్రంలో దిగిపోయాడు. చివరి పలకకి కట్టు వేయలేదు. "వచ్చినంక కడ్త తియ్ అనుకున్న చెల్లె. గంతల్నే రాజన్న ఎక్కిండు. ఈడ నా బిడ్డ గొంతు ఇనుకుంట నేను నవ్వుతున్న. ఆడ గాడు పడ్డడు." చెప్పి, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు. అది ఎవరికీ తెలియదు. తెలిస్తే ఊళ్ళో రాజన్న పెళ్ళాం మొహం ఎట్లా చూడాలన్నదే అతని భయం. ఆ మధ్యాహ్నం సెన్సే అదంతా రాసి, ఉండచుట్టి, బుట్టలో వేశారు. నేను ఎప్పటిలాగే తీసి ఇస్త్రీ చేశాను. నర్సయ్య ఆ సాయంత్రం క్యాంపులో కడుపునిండా తిన్నాడని విన్నాం. మెల్లిగా మనుషుల్లో పడ్డాడు.

నెల తిరక్కుండానే సెన్సే తన భార్య సంవత్సరీకానికి సెలవు మీద వెళ్ళారు. మూడు వారాలు. రమణమ్మక్క కూడా వాళ్ళ యజమానులతో మస్కట్ పోయింది. గోడ మీద బల్లితో మాట్లాడటం మొదలుపెట్టాను, మీరు నమ్మితే నమ్మండి. అలాంటి రోజుల్లో క్లినిక్ తాళాల కోసం సైటు ఇంజనీరు ఒకాయన వచ్చాడు. జపాన్ వాడు, మర్యాదస్తుడు, సెన్సే చేత పుస్తకాల మీద సంతకాలు పెట్టించుకున్నవాళ్ళలో ఒకడు. చాయ్ ఇచ్చాను. ఎండ తగ్గాక వెళ్దురుగాని కూర్చోండి అన్నాను. కూర్చున్నాడు. చాయ్ అయిపోయింది. ఇంకాసేపు ఉంచుకోవాలని, నా గొప్ప కూడా చూపించుకోవాలని, మంచం కింది సంచీ లాక్కొచ్చి ముందు పెట్టాను. మీ సెన్సే పారేసిన అక్షరాలు నేను దాచాను చూడండి, ఏం రాసుందో ఒక్క ముక్క చదివి చెప్పండి అన్నాను. పై నాలుగు కాగితాలు తీసి చదివాడు. మొదట నవ్వుతూనే చదివాడు, తర్వాత నవ్వు పోయింది. ఇవి ఒకసారి తీసుకెళ్తాను అన్నాడు. దానికేం, తీసుకెళ్ళండి అన్నాను. అవి నవల కాగితాలనుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. చివర దాచినవి కాబట్టి పైనున్నవి నర్సయ్యవేనని నాకు తెలుసు. తెలిసీ, ఒక మనిషి నా ఎదురుగా ఇంకో పావుగంట కూర్చుంటాడన్న ఆశకి ఇచ్చేశాను.

సెన్సే తిరిగి వచ్చేలోపే అంతా అయిపోయింది. ఇంజనీరు పైవాళ్ళకి చెప్పాడు, పైవాళ్ళు నర్సయ్యని పిలిచారు, తప్పు తనదేనని రాసిన కొత్త కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. వీసా ఖలాస్, వారంలో విమానం. క్యాంపులో ఎవరో ఆ ముచ్చట క్యాసెట్‌లో పట్టి, ఊరికి పోయేవాళ్ళ చేత పంపారు కూడా. నర్సయ్య కంటే ముందే అతని సంగతి ఇల్లు చేరింది. సెన్సే గుమ్మంలో అడుగుపెట్టగానే నేను కాళ్ళ మీద పడి ఉన్నదంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సూట్‌కేసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

మర్నాడు పొద్దున, నర్సయ్యని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళే కంపెనీ వ్యాను మా ఇంటి ముందు ఆగింది. డ్రైవర్‌ని బతిమాలి ఆపించుకున్నాడట. లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడి సెన్సే వైపే చూస్తూ నాతో అన్నాడు, "అడుగు చెల్లె. నీకొక్కనికే జెప్పిన. నా ముంగట వంగి మాటిచ్చినవ్. మరెందుకు జెప్పినవ్?" నేను ఇంగ్లీషులో చెప్పాను. సెన్సే నా మొహంలోకి చూశారు. నా ఉద్యోగం, నా వీసా, అన్ని వందల మంది మగవాళ్ళున్న క్యాంపు పక్కన ఒంటి ఆడదాన్ని, ఇవన్నీ ఆ ఒక్క చూపులో ఆలోచించి ఉంటారు. "నేనే చెప్పాను. తప్పు నాది. అలాగే చెప్పు" అన్నారు. అని మళ్ళీ వంగారు. ఈసారి చాలాసేపు లేవలేదు. "ఏమంటుండు చెల్లె?" అని నర్సయ్య నన్ను అడిగాడు. ఇద్దరి మధ్యా ఉన్నది నా నోరు ఒక్కటే. "ఆయనే చెప్పారంట అన్నా. తప్పయిపోయిందంటున్నారు" అన్నాను. నర్సయ్య సెన్సే కాళ్ళ దగ్గర ఉమ్మేసి వెనక్కి తిరిగాడు. వ్యాను ఎక్కుతూ నాకు మాత్రం, "పోయొస్త చెల్లె, మంచిగుండు" అని చెప్పి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం సెన్సే సంచీ అడిగారు. తెచ్చి ఇచ్చాను. పెరట్లో డ్రమ్ము దగ్గర నిలబడి ఒక్కొక్క కాగితమే మంటలో వేశారు. మధ్యలో ఒకచోట ఆగి, ఇస్త్రీ చేసిన కాగితాన్ని వేళ్ళతో నిమిరి చూశారు. ఎందుకు కాల్చలేదో అప్పుడు చెప్పాను, మా నాన్న సంగతీ, కళ్ళకద్దుకోవడమూ. "మంచి నాన్న" అన్నారు. ఆ కాగితం కూడా మంటలో వేశారు. ఆ తర్వాత నేనక్కడ ఉన్న రెండేళ్ళలో ఆయన ఒక్క అక్షరం రాయడం చూడలేదు. ఒంటిగంటకి బల్ల ముందు కూర్చునేవారు, పెన్సిళ్ళు చెక్కేవారు, నాలుగింటికి లేచేవారు. క్యాంపులో మనవాళ్ళు జ్వరం వస్తే తప్ప ఆయన గడప తొక్కడం మానేశారు. డాక్టరు నోరు మంచిది కాదట అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకునేవారు. నేను విని, తల దించుకుని పోయేదాన్ని. ఒమన్ నుంచి వచ్చాక పెదనాన్నగారు ఇంకే పుస్తకమూ రాయలేదు, ఎందుకో మాకెవరికీ తెలియదు అని ఆయన తమ్ముడి కూతురు ఉత్తరంలో ఉంది. ఆ ఒక్క వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదివాను.

ఇప్పుడు మా వీధిలో రెండు ఇళ్ళ పిల్లలు ఆ ఒమన్‌లోనే సోహార్‌లో పనిచేస్తున్నారు. రోజూ ఫోన్లో మొహాలు చూసుకుంటారు. ఇక్కడ బిడ్డ పాకితే అక్కడ చూసి చప్పట్లు కొడతారు. క్యాసెట్ అంటే ఏంటమ్మమ్మా అంటారు. బాధొస్తే ఫోన్లో పదిమందికీ పెట్టేస్తారు, పదిమందీ బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటారు. మంచిదే, నేనేం కాదనను. అప్పుడు ఒక్క మాట బయటికి రావడానికి మూడు వారాలు పట్టేది. వినడానికి ఒక్క మనిషి దొరికితే చాలు, బతికి బయటపడేవాళ్ళు. ఆ ఒక్క మనిషినీ నర్సయ్యకి లేకుండా చేసింది నేను. చేసి, ఊరికొచ్చి, రచయిత్రినని పేరు తెచ్చుకుని, ఊళ్ళో వాళ్ళ కష్టాలన్నీ పేర్లు మార్చి అచ్చేయించుకున్నాను. సెన్సేలాగా ఒక్కటంటే ఒక్కటి కాల్చి రాసిన పాపాన పోలేదు.

ఉత్తరం వచ్చిన పది రోజులకి రైలెక్కి, బస్సు మారి, నర్సయ్య ఊరు వెళ్ళాను. పసుపు ఉడకబెట్టే రోజులు, ఊరంతా ఆ పచ్చి ఘాటు. అతనికి జుట్టంతా నెరిసింది, నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. పోల్చుకున్నాక ఎంత సంబరపడ్డాడో! "ఒమన్ చెల్లె అచ్చిందే" అని భార్యని కేకేసి చాయ్ పెట్టించాడు. తాగకముందే చెప్పాల్సింది. తాగాను. ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళాక చెప్పాను. కాగితాలు, ఇస్త్రీ, ఇంజనీరు, నేను ఆశపడ్డ ఆ పావుగంట, అన్నీ చెప్పాను. సెన్సే చెప్పలేదన్నా, నేనే. ఆయన నన్ను కాపాడటానికి అలా అన్నారు. నువ్వు తిడితే పడతాను, కొట్టినా పడతాను.

నర్సయ్య భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో మడత పెట్టుకున్నాడు. "రాజన్న పెండ్లాం పదేండ్లకు మాట్లాడింది నాతోని" అన్నాడు చివరికి. "గది నా తప్పే, బయటవడుడే మంచిగైందేమో. గది కాదు చెల్లె. ఆ దినం నుంచి నేను ఎవ్వనికి ఏ ముచ్చట జెప్పలే. గీమెకు గూడ." లోపలి గది వైపు చెయ్యి చూపించాడు. "అంతగనం వంగి మాటిచ్చినోడే జెప్పవట్టె, ఇంకెవ్వల్ని నమ్మాలె అనుకున్న. నా కొడుకు సచ్చినప్పుడు గూడ నలుగురి ముంగట ఏడ్వలే. ముప్పై ఏండ్లు." తప్పయిపోయింది అన్నా అన్నాను. "నిన్నేమని తిట్టాలె? ఇంటికచ్చి చాయ్ తాగినవ్" అన్నాడు. అతను నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

బస్సు దాకా తోడు వచ్చాడు. ఇదంతా రాసుకోనా అని దారిలో అడిగాను. "రాయి. నా పేరు వద్దు. గా ముసలాయన తప్పు లేదని మాత్రం రాయి" అన్నాడు. బస్సొచ్చింది, ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నర్సయ్య కిటికీ ఊచ పట్టుకుని, "ఆయన పానం ఎప్పుడు వొయ్యిందన్నవ్?" అని అడిగాడు. ఈ చలికాలంలోనే అన్నా అన్నాను.

"పొద్దుగాల లేవంగనే ఆయన్ని తిట్టుడు నాకలవాటు చెల్లె. ఒక్క దినం తప్పలే. అంటే ఆయన సచ్చిన దినం గూడ తిట్టే ఉంట గదా?"

బస్సు కదిలింది. ఊచ పట్టుకునే నాలుగడుగులు బస్సు వెంట నడిచాడు.